నెత్తురు నీళ్ళు, దెయ్యం రాతలు: ఆమ్ల క్షారాలతో హాలోవీన్ ప్రయోగాలు

కొన్ని మొక్కల రసాలు నిమ్మరసం తగిలితే ఎర్రబడతాయి, సోడా నీళ్ళు తగిలితే నీలంగానో ఆకుపచ్చగానో మారతాయి. ఎదుటి ద్రవం ఆమ్లమో క్షారమో తమ రంగుతో తెలిపే ఇలాంటి పదార్థాలను సూచికలు అంటారు. బడిలో ఈ పాఠం చాలాసార్లు లిట్మస్ కాగితంతో మొదలై లిట్మస్ కాగితంతోనే ముగుస్తుంది. నీలం కాగితం ఎర్రబడింది, ఎర్ర కాగితం నీలమైంది అని పట్టికలో రాసుకుంటే పరీక్షకు సరిపోతుంది. అదే రసాయనం పండుగపూట మసక వెలుతురులో నెత్తుటి చేతిముద్రగానో, ఖాళీ కాగితం మీద తేలే దెయ్యం బొమ్మగానో ఎదురైతే పిల్లలు ఊరుకోరు. ఎలా వచ్చిందని అడుగుతారు, తామూ చేస్తామంటారు. వాళ్ళను ఆ ప్రశ్న దాకా తీసుకురావడమే ఈ ప్రయోగాల అసలు ప్రయోజనం.

అమెరికాలో ఇలాంటి ప్రయోగాలకు హాలోవీన్ పెట్టింది పేరు. నవంబరు 1న వచ్చే సర్వ పునీతుల దినానికి ముందురాత్రి, అంటే అక్టోబరు 31న జరిగే ఈ పండుగలో ఐర్లండ్, స్కాట్లండ్ ప్రజలు చలికాలం మొదట్లో పాటించిన పాత ఆచారాలు కలిసి ఉన్నాయి. 19వ శతాబ్దంలో ఐరిష్ వలసదారులతో పాటు అది అమెరికా చేరింది. ఐర్లండ్‌లో టర్నిప్ దుంపను తొలిచి లోపల దీపం పెట్టేవారు. అమెరికాలో ఆ స్థానం గుమ్మడికాయకు దక్కింది. అక్కడి బళ్ళలో, గ్రంథాలయాల్లో అక్టోబరు వచ్చిందంటే మంత్రగత్తె కషాయాలు, పొగలు కక్కే గిన్నెలు సైన్సు పాఠాలుగా ప్రత్యక్షమవుతాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది దీపావళి హడావుడి కూడా ఉండే కాలం. 2024లో రెండు పండుగలూ అక్టోబరు 31నే వచ్చాయి. పైగా వీటికి కావలసిన సరుకులో సగం తెలుగు వంటింట్లో ఎప్పుడూ ఉండేదే: పసుపు, నిమ్మకాయ, వంట సోడా.

ఇక్కడ వివరించే ప్రయోగాల్లో దాదాపు ప్రతిదానికీ రెండు భాగాలుంటాయి. మొదటి భాగంలో రంగు మారి జడిపిస్తుంది. రెండో భాగంలో ఆ రంగును పిల్లలు తమ చేతులతోనే వెనక్కి తెస్తారు. పెద్దలు సాధారణంగా మొదటి భాగం చూపించి, చప్పట్లు కొట్టించుకుని, బల్ల సర్దేస్తారు. అలా చేస్తే పిల్లలకు మిగిలేది గారడీ. నిమ్మచుక్కతో నెత్తురు మళ్ళీ పసుపునీళ్ళయిపోవడం కళ్ళారా చూసిన పిల్లలకు మాత్రం రంగు దేనివల్ల వచ్చిందో, దేనివల్ల పోయిందో రెండూ తెలుస్తాయి. అందుకే సమయం చాలదనుకుంటే ప్రయోగాల సంఖ్య తగ్గించుకోవాలి గాని రెండో భాగాన్ని వదలకూడదు.

రంగు ఎందుకు మారుతుంది

ఎర్ర క్యాబేజీ, మందార, శంఖుపుష్పం, నేరేడు పండు, నల్ల ద్రాక్ష తొక్క వీటన్నిటి రంగుకూ కారణం ఆంథోసయనిన్లు అనే వర్ణద్రవ్యాల కుటుంబం. ఆమ్లం కలిసిన నీటిలో హైడ్రోజన్ అయాన్లు ఎక్కువ. అవి ఆంథోసయనిన్ అణువును అంటిపెట్టుకుని ఉన్నంతసేపు ఆ అణువు ఆకుపచ్చ వెలుతురును పీల్చుకుంటుంది, కంటికి ఎర్రగా కనిపిస్తుంది. క్షారం కలిపినప్పుడు అణువు హైడ్రోజన్‌ను కోల్పోతుంది, దానిలోని ఎలక్ట్రాన్ల అమరిక మారుతుంది, ఇప్పుడది పసుపు, నారింజ వెలుతురును పీల్చి నీలంగా కనిపిస్తుంది. కొత్త రంగు ఎక్కడినుంచో వచ్చి చేరడం లేదు. ఉన్న అణువే వెలుతురును మరోలా పీల్చుకుంటోంది. ఆమ్లం తిరిగి పోస్తే రంగు తిరిగి రావడానికి కారణం కూడా ఇదే.

ఈ రంగు మార్పును పద్ధతిగా పరిశీలించి రాసినవారిలో రాబర్ట్ బాయిల్ ముఖ్యుడు. రంగుల మీద ఆయన 1664లో ప్రచురించిన పుస్తకంలో వయొలెట్ పూల పాకం ఆమ్లంతో ఎర్రబడటం, క్షారంతో ఆకుపచ్చగా మారడం నమోదు చేశాడు. వర్ణద్రవ్యాల మీద చేసిన కృషికి 1915లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్న రిషార్డ్ విల్‌స్టాటర్ పరిశోధనలో ఇంకా విచిత్రమైన విషయం బయటపడింది: ఎర్ర గులాబీలోనూ నీలి కార్న్‌ఫ్లవర్‌లోనూ ఉన్న మూల వర్ణద్రవ్యం ఒక్కటే, సయనిడిన్.

ఆమ్ల, క్షార గుణాలను అంకెల్లో చెప్పే పీహెచ్ కొలమానాన్ని కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసిన సోరెన్ సోరెన్సన్ 1909లో ప్రవేశపెట్టాడు. శుద్ధమైన నీరు 7. నిమ్మరసం 2కు కాస్త అటూ ఇటూ, వెనిగర్ 2.5 నుంచి 3 మధ్య, వంట సోడా నీళ్ళు 8.3 దగ్గర, సబ్బు బిళ్ళ నురగ 9 నుంచి 10, బట్టల సోడా నీళ్ళు 11, సున్నపుతేట 12 పైన ఉంటాయి. ఒక్క అంకె తేడా అంటే హైడ్రోజన్ అయాన్ల సాంద్రతలో పదిరెట్ల తేడా. నిమ్మరసానికీ వంట సోడా నీళ్ళకూ మధ్య ఉన్నది పదిలక్షల రెట్ల పైచిలుకు తేడా అని చెబితే పెద్దపిల్లలు ఆగి ఆలోచిస్తారు.

ఎర్ర క్యాబేజీ కషాయం

పేరుకు ఎర్ర క్యాబేజీ అంటారు గాని దాని రంగు ఊదా. అమెరికాలో ఏ కూరగాయల దుకాణంలోనైనా దొరుకుతుంది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాల్లో పెద్ద దుకాణాల్లో చూడవచ్చు. అన్ని సూచికల్లోకీ ఇంటికి ఇదే ఉత్తమం, ఎందుకంటే పసుపు ఒక్కసారే రంగు మారుస్తుంది, క్యాబేజీ ఐదారు రంగులు చూపిస్తుంది.

అర క్యాబేజీని సన్నగా తరిగి, మునిగేదాకా మరుగుతున్న నీళ్ళు పోసి, మూతపెట్టి పావుగంట వదిలేయాలి. చల్లారాక వడకడితే చిక్కటి ఊదారంగు కషాయం వస్తుంది. పొయ్యి మీద చాలాసేపు ఉడికించే పని పెట్టుకోకూడదు. రంగు పాడవుతుంది, ఇల్లంతా వాసన నిండుతుంది. కషాయం మొదటినుంచే నీలంగా కనిపిస్తే కుళాయి నీటిలో క్షారగుణం ఉన్నట్టు. దాన్ని తప్పుగా చూడనవసరం లేదు, అదొక పరిశీలన. డిస్టిల్డ్ వాటర్‌తో మరో గిన్నెడు తీసి పక్కన పెట్టి పోల్చి చూపించవచ్చు. కషాయం ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు బాగుంటుంది. ఐసు ట్రేలో గడ్డకట్టించి దాచుకుంటే ఒక్కో ముక్క ఒక్కో ప్రయోగానికి సరిపోతుంది.

ప్రదర్శనకు ఆరు గాజు గ్లాసులు చాలు. వరుసగా వడకట్టిన నిమ్మరసం, తెల్ల వెనిగర్, మంచినీళ్ళు, వంట సోడా నీళ్ళు, సబ్బు బిళ్ళ అరగదీసిన నీళ్ళు, బట్టల సోడా నీళ్ళు అడుగున రెండు వేళ్ళ ఎత్తున పోయాలి. మసక వెలుతురులో వాటి మధ్య పెద్ద తేడా కనిపించదు. ఒకే కెటిల్‌లోంచి ఒకే కషాయాన్ని ఒక్కో గ్లాసులో పోస్తూ పోతే మొదటిది నెత్తురులా ఎర్రగా, రెండోది గులాబీగా, మూడోది ఊదాగా, నాలుగోది నీలంగా, ఐదోది నీలి ఆకుపచ్చగా, చివరిది విషంలా పచ్చగా మారతాయి. ఒక్కో గ్లాసుకు గబ్బిలం నెత్తురు, కప్ప లాలాజలం వంటి పేర్లు పెట్టే పని పిల్లలకే వదిలితే వాళ్ళు గంటసేపు ఆ పేర్లతోనే గడుపుతారు.

రెండో భాగంలో పని పిల్లలదే. నీలం గ్లాసులో వెనిగర్‌ను డ్రాపర్‌తో చుక్కచుక్కగా వేసి ఊదా దాకా, ఆపైన గులాబీ దాకా తీసుకురావాలి. ఎన్ని చుక్కలు పడతాయో ముందే ఊహించి రాసుకుంటే ప్రయోగశాలలో టైట్రేషన్ అని పిలిచే పనిని పేరు తెలియకుండానే చేసినట్టవుతుంది. బట్టల సోడా గ్లాసు దగ్గర మాత్రం ఒక చిక్కుంది. బలమైన క్షారంలో ఆంథోసయనిన్ అణువు కొంతసేపటికి విచ్ఛిన్నమై పసుపురంగు పదార్థంగా మారుతుంది. పోసిన వెంటనే వెనిగర్ కలిపితే రంగు చాలావరకు తిరిగి వస్తుంది. గంటలపాటు ఉంచాక కలిపితే రాదు. ఈ తేడాను దాచకుండా చూపించడం మంచిది. కొన్ని మార్పులు వెనక్కి తిరుగుతాయి, కొన్ని తిరగవు అనే విషయం ఒకే గ్లాసులో కనిపించే అవకాశం మళ్ళీ మళ్ళీ రాదు.

ఇదే కషాయంతో ఉబ్బే దెయ్యాన్ని చేయవచ్చు. తెల్ల బెలూను మీద మార్కరుతో దెయ్యం ముఖం గీసి, గరాటుతో లోపల ఒకటిన్నర టీస్పూన్ల వంట సోడా వేయాలి. సీసాలో 100 మిల్లీలీటర్ల వెనిగర్, రెండు చెంచాల కషాయం పోస్తే గులాబీరంగు వస్తుంది. బెలూను మూతిని సీసాకు గట్టిగా తొడిగి పైకెత్తితే సోడా కిందికి జారి, బుసబుసమని నురగ లేచి, దెయ్యం తల ఎత్తుతుంది. వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం 5 శాతం ఉంటుంది కాబట్టి 100 మిల్లీలీటర్లకు సుమారు 7 గ్రాముల సోడా సరిపోతుంది. లెక్క ప్రకారం దాదాపు 2 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ పుట్టాలి. కొంత నీటిలోనే కరిగిపోతుంది గనుక బెలూనులోకి చేరేది తక్కువ. ఆమ్లం ఖర్చయ్యేకొద్దీ సీసాలోని గులాబీరంగు ఊదాకు జరగడం చాలామంది గమనించరు, అందరి కళ్ళూ బెలూను మీదే ఉంటాయి. ఒకరికి బెలూను, ఒకరికి సీసా చూసే బాధ్యత అప్పగిస్తే రెండూ దొరుకుతాయి.

పసుపు చేసే పనులు

తెల్లచొక్కా మీద పడిన కూర మరకకు సబ్బు రాయగానే ఎర్రబడటం తెలుగు ఇళ్ళలో అందరికీ అనుభవమే. పెళ్ళిబట్టల అంచులకు పెట్టిన పసుపు ఉతికేటప్పుడు ఎర్రగా మారి, బాగా జాడిస్తే మళ్ళీ పసుపుగా తేలుతుంది. దీనికి కారణం పసుపులోని కర్క్యుమిన్. అది ఆమ్లంలోనూ మామూలు నీటిలోనూ పసుపుగానే ఉండి, పీహెచ్ 8 దాటేసరికి ఎరుపు, ఎర్రమట్టి రంగుల వైపు తిరుగుతుంది. దిష్టి తీయడానికి కలిపే ఎర్రనీళ్ళలో జరిగేదీ ఇదే: పసుపు కలిపిన నీటిలో కాస్త సున్నం వేయగానే పళ్ళెమంతా ఎర్రనవుతుంది. పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో తరతరాలుగా పెద్దవాళ్ళు చేస్తూ వచ్చిన ఆమ్ల క్షార ప్రదర్శన ఇది. హారతిపళ్ళెంలో నిమ్మరసం పిండితే ఏమవుతుందన్న రెండో భాగమే ఎవరూ చేసి చూడలేదు.

కర్క్యుమిన్ నీటిలో సరిగా కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. అందుకని దెయ్యం రాతకు పావుకప్పు సర్జికల్ స్పిరిట్‌లో ఒక టీస్పూను పసుపు కలిపి, తేరుకున్నాక పైనున్న ద్రవాన్ని స్ప్రే సీసాలో పోసుకోవాలి. 70 శాతం స్పిరిట్ ఈ పనికి అనువైనది. రాతలోని సోడా కరగడానికి కావలసిన నీరు అందులోనే ఉంటుంది. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి ఈ ప్రయోగం జరిగే గదిలో కొవ్వొత్తులు, దీపాలు, వెలిగించిన గుమ్మడికాయలు ఉండకూడదు. బ్యాటరీ దీపాలే వాడాలి, కిటికీ తెరిచి ఉంచాలి, చల్లే పని పెద్దలే చేయాలి.

బట్టల సోడాను కొద్ది నీళ్ళలో కరిగించి, చెవిపుల్లతో తెల్లకాగితం మీద పుర్రెనో, చేతివేళ్ళనో, ఒక పేరునో గీసి ఆరనివ్వాలి. ఆరాక ఏమీ కనిపించదు. పసుపు స్పిరిట్ చల్లగానే పసుపుపచ్చని కాగితం మీద ఎర్రటి గీతలు లేస్తాయి. వంట సోడాతో గీస్తే రంగు పేలవంగా వస్తుంది, ఎందుకంటే దాని క్షారగుణం కర్క్యుమిన్‌ను మార్చే హద్దుకు దగ్గరే ఆగిపోతుంది. బట్టల సోడా దొరక్కపోతే వంట సోడానే పళ్ళెంలో పరిచి ఓవెన్‌లో 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు ఉంచితే నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి సోడియం కార్బొనేట్ మిగులుతుంది. 100 గ్రాములు వేస్తే 63 గ్రాములే మిగలాలి. ముందూ వెనుకా తూచి చూడటం దానికదే మంచి ప్రయోగం.

చేతిముద్రకు బట్టల సోడా వాడకూడదు, చర్మానికి మంట పెడుతుంది. పాత తెల్లగుడ్డను పసుపునీళ్ళలో ముంచి ఆరబెట్టి, తడిచేతికి మామూలు సబ్బు బిళ్ళ బాగా రుద్దుకుని గుడ్డ మీద అదిమితే ఐదు వేళ్ళూ ఎర్రగా పడతాయి. ఒక్కోసారి ఎంత అదిమినా రంగు రాదు. సబ్బును మార్చి చూడాలి: కొన్ని పసిపిల్లల సబ్బులు, సున్నిత చర్మానికని అమ్మే బిళ్ళలు, చాలా లిక్విడ్ హ్యాండ్‌వాష్‌లు క్షారగుణం లేకుండా తయారవుతాయి. ఇంట్లో ఉన్న సబ్బులన్నీ వరుసగా గుడ్డ మీద రుద్ది ఏది ఎర్రబరుస్తుందో ఏది ఎర్రబరచదో పట్టిక వేస్తే దెయ్యాన్ని మరచిపోయి పిల్లలు స్నానాలగదిలో పరిశోధనలో పడతారు. ముద్రపడిన గుడ్డ మీద సగం నిమ్మచెక్కతో రుద్దితే నెత్తురు మాయమవుతుంది.

సున్నం సంగతి గట్టిగా చెప్పాలి. తాంబూలపు సున్నం కళ్ళలో పడితే కంటిపొర కాలిపోయి చూపు పోయే ప్రమాదముంది. సున్నం పొట్లాలు చితికి పిల్లల కళ్ళకు దెబ్బలు తగిలిన ఉదంతాలను భారతీయ కంటివైద్యులు పదేపదే నమోదు చేశారు. ఎర్రనీళ్ళను పెద్దలు కలిపి చూపించవచ్చు, పిల్లల చేతికి సున్నం ఇవ్వకూడదు. పొరపాటున కంట్లో పడితే ఆలస్యం చేయకుండా ధారగా మంచినీళ్ళతో కడుగుతూ, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

కుంకుమ గురించి పిల్లలు తప్పక అడుగుతారు. సంప్రదాయ పద్ధతిలో పసుపుకొమ్ములను నిమ్మరసం, వెలిగారంతో కలిపి ఎర్రబరుస్తారు. అక్కడ ఆమ్లం ఉన్నా ఎరుపు నిలుస్తుంది, ఎందుకంటే వెలిగారంలోని బోరాన్ ఆమ్ల సమక్షంలో కర్క్యుమిన్‌తో కలిసి వేరే ఎర్ర పదార్థాన్ని ఏర్పరుస్తుంది. సున్నంతో వచ్చిన ఎరుపు నిమ్మరసానికి లొంగుతుంది, కుంకుమ ఎరుపు లొంగదు. చూడటానికి ఒకలాగే ఉన్న రెండు ఎరుపులు రెండు వేర్వేరు కారణాలవల్ల రావచ్చు.

నిమ్మకాయలో నెత్తురు

తెలుగు ఊళ్ళలో ఆమ్ల క్షార మార్పు వినోదంగా మాత్రమే లేదు, మోసంగానూ ఉంది. ఇంట్లో చేతబడి జరిగిందని నమ్మించి, నిమ్మకాయ కోసి నెత్తురు కార్పించి డబ్బు గుంజే దొంగ మంత్రగాళ్ళ ఉపాయం సూచికే. చాకుకు ఎర్ర మందార రేకలు గట్టిగా రుద్ది ఆరనిస్తే లోహం మీద మరక పెద్దగా కనిపించదు. ఆ చాకుతో నిమ్మకాయ కోయగానే ఆమ్లం తగిలి రసం ఎర్రగా కారుతుంది. కొందరు సిరంజితో మిథైల్ ఆరెంజ్‌ను ముందే నిమ్మకాయలోకి ఎక్కిస్తారు, పీహెచ్ 3.1కి దిగువన అది ఎర్రగా ఉంటుంది. ఇలాంటి మహిమల గుట్టు విప్పుతూ హేతువాది బి. ప్రేమానంద్ దేశమంతా తిరిగాడు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊరి కూడళ్ళలో, బడి ఆవరణల్లో చేసి చూపిస్తూ వచ్చారు.

మందార చాకు ప్రయోగాన్ని ఇంట్లో పెద్దల చేతిమీదుగా చేయవచ్చు, మిథైల్ ఆరెంజ్ జోలికి పోకూడదు. ఇక్కడ రెండో భాగం ప్రాణం లాంటిది. కారిన ఎర్రచుక్కల మీద చిటికెడు వంట సోడా చల్లితే నురగ లేచి రంగు ఊదా, ఆకుపచ్చల వైపు తిరుగుతుంది. అసలు నెత్తురు అలా తిరగదు. సోడా చిటికెడు చల్లి చూస్తానన్న మనిషి ముందు మంత్రగాడి నిమ్మకాయ పనిచేయదు. చీకటి భయం, దెయ్యం భయం ఎక్కువగా ఉన్న పిల్లలకు ఈ ప్రయోగంలో ప్రేక్షకుడి స్థానం ఇవ్వకుండా, ముందే గుట్టు చెప్పి సోడా చల్లే పని అప్పగించడం మేలు.

తాగదగినవి

రంగుమారే పానీయం లేకుండా పండుగ నిండదు. దానికి శంఖుపుష్పం తగినది. ఎండిన నీలి పూలను వేడినీళ్ళలో వేస్తే ముదురు నీలి కషాయం వస్తుంది. నిమ్మరసం పిండితే ఊదాగా, ఇంకా పిండితే గులాబీగా మారుతుంది. థాయ్‌లండ్‌లో పానీయంగా, మలేసియాలో నీలి అన్నానికి రంగుగా దీన్ని చాలాకాలంగా వాడుతున్నారు. దీని సారాన్ని ఆహారపు రంగుగా అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2021లో అనుమతించింది. అమెరికాలో మందార టీ పేరుతో దొరికే ఎర్ర టీ గోంగూర మొక్క కాయల చుట్టూ ఉండే ఎర్రటి రక్షకపత్రాలతో చేసేదే. పుల్లదనం దానిలోనే ఉన్నందున అది మొదటినుంచీ ఎర్రగానే ఉంటుంది, సోడా వేస్తే బురదపచ్చగా మారి తాగబుద్ధి కాదు. తాగే గ్లాసులు, ప్రయోగపు గ్లాసులు వేర్వేరు బల్లల మీద ఉండాలి. ఒకే బల్ల మీద పెడితే ఎంత చెప్పినా ఎవరో ఒకరు తప్పు గ్లాసు ఎత్తుతారు.

పొగ, ప్రయోగశాల, పోలీసు

గిన్నెలో పొగకు డ్రై ఐస్ వాడతారు. అది గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, ఉష్ణోగ్రత మైనస్ 78.5 డిగ్రీల సెల్సియస్. చిటికెడు వంట సోడాతో నీలంగా చేసిన క్యాబేజీ కషాయంలో ఒక ముక్క వేస్తే తెల్లటి పొగమంచు పొంగుతుంది, వాయువు నీటిలో కరిగి కార్బొనిక్ ఆమ్లమై నీలాన్ని ఊదాకు తెస్తుంది. దృశ్యం గొప్పదే గాని పిల్లలు ముట్టుకునే వస్తువు కాదు. మందపాటి చేతితొడుగులు, పటకారు, గాలి ఆడే గది ఉండాలి. మూత బిగించిన సీసాలో వేస్తే పేలుతుంది, ముక్క ఆవిరైపోకముందు ఆ నీళ్ళు తాగకూడదు. ఇవన్నీ కుదరనిచోట ఇంకో దారుంది. మనిషి వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ 4 శాతం ఉంటుంది. లేత నీలి కషాయంలోకి స్ట్రాతో మెల్లగా ఊదుతూ పోతే కాసేపటికి రంగు ఊదా వైపు జరుగుతుంది. సోడా మరీ తక్కువగా, గింజంత మాత్రమే కలపాలి. ఎక్కువైతే ఎంత ఊదినా ప్రయోజనం ఉండదు. పిల్లలు పీల్చేయకుండా స్ట్రా పై భాగంలో సూదితో రెండు రంధ్రాలు పొడవాలి.

రంగులేని నీళ్ళు గులాబీగా మారే ప్రసిద్ధ ప్రయోగంలో ఉండేది ఫినాఫ్తలీన్. అడాల్ఫ్ బేయర్ 1871లో తయారుచేసిన ఈ పదార్థానికి పీహెచ్ 8.2 దాకా రంగుండదు, ఆపైన గులాబీ. ఒకప్పుడు విరేచనకారి మందుగా అమ్మిన దాన్ని అమెరికా 1999లో ఆ వాడకం నుంచి తొలగించింది కాబట్టి ఇది ఇంటికి పనికొచ్చేది కాదు, బడి ప్రయోగశాలలో ఉపాధ్యాయుల పర్యవేక్షణలో చూడవలసినది. తెలుగు పత్రికలు చదివేవారికి మాత్రం దీని ఫలితం పరిచయమే. లంచం కేసుల్లో అవినీతి నిరోధక శాఖ అధికారులు నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూసి ఇప్పిస్తారు. నోట్లు అందుకున్న చేతులను సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే అది గులాబీగా మారుతుంది, ఆ ద్రావణాన్ని సీసాలో పోసి సీలువేసి సాక్ష్యంగా పంపుతారు. దెయ్యం కాగితం మీద పసుపు చేసిన పనినే ఇక్కడ ఈ పొడి చేస్తోంది.

నడిపే తీరు, సర్దుకునే తీరు

ఒక సాయంత్రానికి మూడు ప్రయోగాలు దాటకపోతే బాగుంటుంది. ప్రతి పోతకు ముందు ఏ రంగు రావచ్చో పిల్లల చేత చెప్పించాలి. తప్పు చెప్పినవాళ్ళను చూసి నవ్వకూడదు, ఎందుకలా అనుకున్నారో అడగాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి: నిమ్మరసం, సోడా, సబ్బు ఒకే గ్లాసులో కలిపేస్తే ఏ రంగు దేనివల్లో ఎవరూ చెప్పలేరు. బేకింగ్ పౌడర్‌ను వంట సోడా అనుకుని వాడటం తరచు జరిగే పొరపాటు. దానిలో సోడాతో పాటు పొడి ఆమ్లం కూడా ఉంటుంది, నీళ్ళు తగలగానే రెండూ కలిసి ఖర్చైపోయి రంగు సరిగా మారదు. గుట్టు అదే సాయంత్రం విప్పాలి, మర్నాటికి వాయిదా వేస్తే రాత్రంతా చిన్నపిల్లలకు భయమే మిగులుతుంది.

క్లోరిన్ బ్లీచ్, మరుగుదొడ్డి యాసిడ్, కాలువలు శుభ్రంచేసే రసాయనాలు, అమ్మోనియా ఈ బల్ల దరిదాపుల్లో ఉండకూడదు. బ్లీచ్‌లో వెనిగర్ గాని నిమ్మరసం గాని కలిస్తే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. చెరిపేయడం కూడా రంగు మార్పే కదా అని పెద్దపిల్లలు బ్లీచ్ తెచ్చే అవకాశం ఉంది కాబట్టి కారణం ముందే వివరించి చెప్పాలి. బట్టల సోడా కలిపేటప్పుడు రక్షణ కళ్ళద్దాలు పెట్టుకోవాలి.

అంతా అయ్యాక మిగిలిన ఆమ్లాలు, క్షారాలు ఒక బకెట్లో కొద్దికొద్దిగా కలిపితే నురగ తగ్గి, క్యాబేజీ రంగు ఊదాకు చేరుతుంది. అప్పుడు నీళ్ళతో పాటు సింకులో పారబోయవచ్చు. వడకట్టగా మిగిలిన, ఏమీ కలపని క్యాబేజీ తురుము కూరకు పనికొస్తుంది, రంగు పాలిపోయినా. మిగిలిన పసుపు స్పిరిట్‌ను సీసాలో బిగించి మంటకు దూరంగా, పిల్లలకు అందకుండా దాచాలి. గుడ్డల మీద, బల్ల మీద పడిన పసుపు మరకలకు సబ్బు ఒక్కటే చాలదు. ఉతికి ఎండలో ఆరేయాలి. కర్క్యుమిన్ వెలుతురుకు విచ్ఛిన్నమయ్యే పదార్థం కాబట్టి రెండు మూడు ఎండలకు మరక చాలావరకు పోతుంది. చేతిముద్రల గుడ్డను పై ఏడాదికి దాచుకోవాలనుకుంటే నిమ్మరసం మిగలకుండా జాడించి, చీకటి అలమరలో మడతపెట్టి ఉంచాలి.